విమానం పొట్ట కింది గీత

మొన్న షుగరు డాక్టరు దగ్గరికి పోతే, అక్కడున్న అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, నా పాదాలకు నైలాను దారం లాంటిదేదో ఆనిస్తూ "తెలుస్తోందా అమ్మా? ఇక్కడ? ఇక్కడో?" అని అడుగుతూ పోయింది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి నాకేమీ తెలియలేదు. తెలియకపోయినా "ఆఁ, తెలుస్తోంది" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ఇప్పుడు నేను ముట్టుకోనేలేదు గదమ్మా" అంది. బడిపిల్లల అబద్ధాలు పట్టుకోవడంలోనే తల నెరిసిన టీచరమ్మను, అంత సులువుగా దొరికిపోయాను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా నవ్వొచ్చింది. ముట్టుకుంటే తెలిసే సంగతుల్లో అబద్ధమాడటం మా ఇంట్లో నాతో మొదలైంది కాదు. అందులో అసలు సిద్ధహస్తురాలు మా అమ్మ. అదీ ఒక్క ఎండాకాలమే.

అప్పుడు మేం బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. అరవైల్లో మొదటి సగం. నేను స్కూలు ఫైనలు పాసై, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంటిపట్టున ఉన్న ఏడాది. మా నాయన ఇంజను డ్రైవరు. బొగ్గు ఇంజన్ల కాలం గనక కాలనీలో ఏ వస్తువుకూ దాని సొంత రంగు ఉండేది కాదు. ఆదివారం చర్చికి కట్టుకుపోయే తెల్లచీరను మా అమ్మ ఎన్నడూ బయట ఆరేసి ఎరగదు, వంటింట్లో దండెం మీదే. ఇంజన్ల షెడ్డులో సైరను కూస్తే కుక్కర్లు లేని ఆ రోజుల్లో అన్నం దించే వేళ తెలిసేది. మా నాయన దూరపుచూపు గద్దచూపు. ఎక్కడో ఉన్న సిగ్నలు చెయ్యి పడిందో లేచిందో మా అందరికంటే ముందు చెప్పేవాడు. దగ్గర చూపు మాత్రం అంతంతమాత్రమే, కంచంలో చేప ముల్లు కనబడేది కాదు. ఆ లోటు చేతులతో పూడ్చుకునేవాడు. ఇంజను ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి, చక్రాల దగ్గరున్న ఇరుసుపెట్టెల మీద చెయ్యి ఆనించి, ఏది వేడెక్కుతోందో, ఏది చల్లగా ఉందో చూసేవాడట. నాకు జ్వరం వచ్చినా అదే పద్ధతి. నుదుటి మీద చెయ్యి పెట్టి, "బేరింగు చల్లగానే ఉండాది, బడికి పోవచ్చు" అనేవాడు.

ఆ చేతికే దెబ్బ తగిలింది. బాయిలర్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం ఒకటి ఇంజనులో డ్రైవరు ముందే ఉంటుంది. ఒకరోజు అది పగిలి, ఆవిరి నేరుగా వచ్చి కుడిచేతి మీద కొట్టింది. కాలిన చర్మం కొన్నాళ్లకు మానింది. కొత్త చర్మం చంటిబిడ్డ చర్మంలా గులాబి రంగులో వచ్చింది కూడా. కానీ వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. నిప్పుకూ నీళ్లకూ తేడా తెలియదు. రైల్వే డాక్టరుగారు ఆ వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, నరాలు మళ్లీ మేలుకోవచ్చు, మేలుకోకపోనూ వచ్చు, సన్నపనులు చేయించండి, ఎడమచేతిని నమ్ముకుంటే కుడిచెయ్యి సోమరిదైపోతుంది, వానలు పడే ముందు మళ్లీ రండి అన్నారు. అప్పటికీ స్పర్శ రాకపోతే ఇక ఇంజను ఎక్కడానికి లేదు, దీపాలగదిలో లాంతర్లు తుడిపించి గార్డులకు అందించే పని. జీతం ఇస్తారు, కుర్చీ ఇస్తారు, ఫ్యాను కూడా ఉందన్నారు. ఆ ఫ్యాను మాట వినగానే మా నాయన ముఖం నల్లబడింది. ఇంటికొచ్చి, "చూడమ్మాయ్, నన్ను ఫ్యాను కింద కూర్చోబెడతారంట" అని నాతో అన్నాడు, ఎవరో తనను తిట్టినట్టు.

సన్నపని అంటే మా అమ్మకు తెలిసినవి రెండే: బియ్యంలో రాళ్లేరడం, పూలు కట్టడం. రెండూ చేయించింది. మా నాయన ఏరిన బియ్యంలో రాళ్లు మిగిలి, బియ్యం బయటికి పోయేవి. కట్టిన దండ తీసి చూస్తే పూలన్నీ ఒళ్లోనే ఉండేవి. అట్లాంటి రోజుల్లో పక్క క్వార్టరులో ఉండే గార్డుగారు ఆస్ట్రేలియాకు పోవడానికి సామాన్లు సర్దుకుంటూ, ఒక అట్టపెట్టె పట్టుకొని మా వరండాలోకి వచ్చాడు. ఆంగ్లో ఇండియను, తెల్లతోలు మనిషే గానీ పుట్టింది ఇక్కడే, ఆయన తెలుగు అచ్చం ప్లాట్‌ఫారం తెలుగు. పెట్టెలో లేతబూడిద రంగు ప్లాస్టిక్ ముక్కలు, చట్రానికి కాయల్లా వేలాడుతూ ఉన్నాయి. అన్నీ విరుచుకొని అతికిస్తే ఒక యుద్ధవిమానం అవుతుందట. మద్రాసులో కొన్నాడు, ఓపికలేక వదిలేశాడు. "నీ చేతికి పని కావాలంటివి గదా, ఇది చెయ్. అతుకు తెలిస్తే బొమ్మ, తెలవకపోతే విమానం, అంతే" అని, జిగురు గొట్టం కూడా ఇచ్చిపోయాడు. వారం తిరక్కుండా ఆయన క్వార్టరుకు తాళం పడింది.

ఆడపిల్లనైనా ఆ విమానం మీద నాకూ మోజు పుట్టింది. కానీ మా నాయన ముక్కలు ముట్టుకోనివ్వలేదు. రెక్కలు, తోక, చక్రాలు తొందరగానే కుదిరాయి. అసలు కష్టం ఒంటితో వచ్చింది. దోసకాయను నిలువునా కోసినట్టు ఒళ్లు రెండు సగాలుగా ఉంటుంది. రెండూ కలిపి జిగురు పెట్టి, సైకిలు ట్యూబును రింగులుగా కోసి బిగించాడు. ఆరాక రింగులు తీస్తే ముక్కు నుంచి తోక దాకా, వీపు మీద ఒక గీత, పొట్ట కింద ఒక గీత. ఒక సగం వెంట్రుకవాసి పైకి, ఒక సగం కిందికి. మిగిలిన చట్రం ముక్కల్ని కత్తితో సన్నగా తురిమి, జిగురులో నానబెట్టి, ఆ ముద్దను గీతలో కూరాడు. అది గట్టిపడ్డాక అరగదీయాలి. బజారులో దొరికే ఉప్పుకాగితం మోటుగా ఉండి, మేకుతో గీరినట్టు చారలు పెట్టింది. చివరికి నునుపుపని రెండింటి వల్ల అయింది. ఒకటి, కాలనీలో ఎవరి పెరట్లోనైనా దొరికే పారిజాతం ఆకు, దాని గరుకు మీకు తెలిసిందే. రెండోది, ఇసకపల్లిలో ఉండే మా మేనత్త పంపిన సముద్రపు నురుగు. అలలకు ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆ తెల్లటి బిళ్ల మా వైపు పిల్లల చెవి చీముకు మందు. "చెవిపోటు ఎవరికి?" అని మా అత్త మనిషి చేత అడిగించింది. "విమానానికి" అని మా అమ్మ చెప్పి పంపింది.

ముద్దదీ ప్లాస్టిక్‌దీ ఒకే రంగు గనక గీత పోయిందో లేదో కంటికి తెలియదు, అందులోనూ మా నాయన కంటికి. వేలితోనే చూడాలి. వేలికొసను అడ్డంగా లాగితే, అతుకు మిగిలి ఉంటే సన్నగా తగులుతుంది, లేకపోతే జారిపోతుంది. మా నాయన కుడిచూపుడువేలు పెట్టి లాగి, కాసేపు ఆలోచించి, "నాకేం తెలియడంలా, మీరు చూడండి" అనేవాడు. ఎడమచేత్తో చూసుకోవచ్చు గదా అని నేనొకసారి అన్నాను. "ఎడమచెయ్యి చెప్పేస్తే కుడిచెయ్యి తనకూ తెలిసినట్టు నటిస్తుంది. మనసు దొంగది" అన్నాడు. అందుకని ఎడమచెయ్యి విమానాన్ని పట్టుకోవడానికే గానీ సాక్ష్యం చెప్పడానికి పనికిరాదు. సాక్షులం నేనూ మా అమ్మా. "ఉందండీ ఇంకా" అంటే మళ్లీ పారిజాతం ఆకు తీసుకునేవాడు.

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం మా అమ్మ సాయం చేయాలనుకుంది. మా అమ్మ సాయం చేయాలనుకున్నప్పుడల్లా ఇల్లు ఒక దెబ్బ తినేది. రెక్కల మీద వరసలు వరసలుగా ఆవగింజలో సగమైనా లేని చుక్కలు ఉబ్బి ఉండేవి. నిజం విమానానికి రేకులు బిగించే రివెట్లకు అవి గుర్తు. మా అమ్మ దృష్టిలో మాత్రం నునుపు చేయడమంటే నునుపు చేయడమే. మా నాయన కునుకు తీస్తున్నప్పుడు కొబ్బరిపీచు, బూడిద తెచ్చి, ఆదివారానికి ఇత్తడి చెంబు తోమినట్టు ఒక రెక్కను తోమి, చుక్కన్నది లేకుండా చేసింది. ఆయన లేచాక ముందు పెట్టి, "మొటిమలన్నీ పోగొట్టినాను, చూడండి" అంది గొప్పగా.

"ఓసి నీ దుంప తెగ, అవి మొటిమలా! రివెట్లే! రివెట్లు లేకుండా బాయిలరు నిలబడుతుందా?"

"ఇదేం బాయిలరు గాదు గదా, బొమ్మ. పిల్లలు ముట్టుకుంటే గుచ్చుకోవూ?"

"ఏ పిల్లలు?" అని మా నాయన అరిచాడు. ఇంట్లో ఉన్న పిల్లను నేనొక్కదాన్నే, నాకు పదహారు దాటాయి. మా అమ్మ నావైపు ఒకసారి చూసి, బూడిదగిన్నె ఎత్తుకొని లోపలికి పోయింది. ఆ కోపంలోనే మా నాయన ఒక పట్టు పట్టాడు. పోయిన రివెట్లన్నీ మళ్లీ పెడతానన్నాడు. రెండో రెక్కను చూసి కొలుచుకొని, సూది మొనను జిగురులో ముంచి, చుక్క తర్వాత చుక్క. రేకుల మధ్య గాడులు చెరిగిపోయిన చోట స్కేలు పెట్టి సూదితో గీయడం. డాక్టరుగారు చెప్పిన సన్నపని ఇదీ అని నాకిప్పుడు అనిపిస్తుంది. సూది జారేది, కింద పడేది, ఆయన వేళ్లు దాన్ని పట్టుకున్నదీ లేనిదీ ఆయనకే తెలిసేది కాదు. అయినా రోజురోజుకూ వరస కాస్త తిన్నగా వస్తోందని మేమంతా సంబరపడ్డాం.

ఒకరోజు నేను మంచినీళ్లు తెచ్చేసరికి రెక్క మీద ఎర్రగా మరకలు కనిపించాయి. రంగు వేస్తున్నాడేమో అనుకున్నాను. చూస్తే సూది ఆయన చూపుడువేలిలో దిగబడి ఉంది. ఆయనకు తెలియలేదు. ఆ వేలితోనే రెక్కను తుడుస్తూ, స్కేలు జరుపుతూ, పని చేసుకుంటున్నాడు. "నాయనా, రక్తం" అన్నాను. అప్పుడు వేలు చూసుకున్నాడు. సూదిని తానే లాగేశాడు, మొహంలో ఏ నొప్పీ లేకుండా. ఆ నొప్పి లేకపోవడం చూసే నాకు భయమేసింది. ఆయన సూదిని డబ్బాలో పెట్టి, మూత బిగించి, "ఇది నా చెయ్యి గాదమ్మాయ్" అన్నాడు. ఆ రాత్రి అన్నం వద్దన్నాడు. మర్నాడు విమానం ముట్టలేదు, ఆ మర్నాడూ ముట్టలేదు. డాక్టరుగారు రమ్మన్న రోజు దగ్గరపడుతోంది. దీపాలగదిలో కూర్చునే వాళ్లతో షెడ్డు దగ్గర మాట్లాడుతూ కనిపించాడని మా అమ్మకు ఎవరో చెప్పారు. అంటే ఆయన మనసులో కుర్చీ ఎక్కేశాడన్నమాట.

మా అమ్మ అబద్ధాలు మొదలైంది అప్పుడు. అంతకుముందు ఆమె అబద్ధమాడటం నేను వినలేదు. పాలామె డబ్బులకు వస్తే ఇంట్లో ఉండి లేమని కూడా చెప్పించేది కాదు. అట్లాంటి మనిషి, ఒక పొద్దున విమానాన్ని తీసి, పొట్ట కింద వేలు రాసి, "ఏమండీ, గీత పోయిందే! ఎక్కడా తగలడంలా. మీ చేత్తోనే గదా అరగదీసింది" అంది. మా నాయన తలెత్తి, "అమ్మాయ్, నువ్వు చూడు" అన్నాడు. నేను వేలు పెట్టి లాగాను. తగిలింది, స్పష్టంగా. మా అమ్మ ఆయన వెనక నిలబడి నావైపు చూసిన చూపు ఇంకా నా కళ్ల ముందే ఉంది. "లేదు నాయనా, నున్నగా ఉంది" అన్నాను. ఆయన ముఖం కొంచెం విప్పారింది. తెలియకపోయినా చెయ్యి పని చేస్తోందన్నమాట, అనుకున్నాడు. ఆ పూట అన్నం తిన్నాడు. మళ్లీ సూది పట్టాడు. మా అమ్మకు కావలసింది అంతే.

కానీ ఆ మాట ఒక్కసారి చెబితే సరిపోలేదు. ఆయన రోజూ అడిగేవాడు, ఆమె రోజూ చెప్పేది. సాయంత్రం ప్రార్థనలో మోకరించి, ఈ దినం నా నోట వచ్చిన అబద్ధాన్ని క్షమించు ప్రభువా అని పెదవుల్లోనే గొణుగుతూ వేడుకునేది. పక్కనే ఉంటాను గనక నాకు వినబడేది. తెల్లారి మళ్లీ అదే అబద్ధం, సాయంత్రం మళ్లీ అదే క్షమాపణ. దేవుడికి విసుగు రాదా అమ్మా అని అడిగాను. "ఆయనకు ఆడబిడ్డలు చాలామంది ఉండారు, అలవాటే" అంది.

డాక్టరు దగ్గరికి పోవలసిన రోజుకు ముందురోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, విమానానికి రంగు వేద్దామని మా నాయన కూర్చున్నాడు. షెడ్డు నుంచి తెచ్చిన వెండిరంగు డబ్బా ముందు పెట్టుకున్నాడు. రంగు వేసే ముందు దుమ్ము తుడవాలి గదా, విమానాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకొని చేత్తో తుడుస్తున్నాడు. చూపు దాని మీద లేదు. కిటికీలోంచి, గూడూరు వైపు కదులుతున్న గూడ్సు బండి మీద ఉంది. ఏ డ్రైవరో, బండిని ఎట్లా లేపుతున్నాడో చెవితో వింటున్నాడు. మా అమ్మ గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. తుడుస్తున్న చెయ్యి ఆగింది. వెనక్కి పోయింది. మళ్లీ ముందుకు వచ్చి, ఆగింది.

"ఏమే, ఇక్కడ గీత ఉండాది" అన్నాడు.

"లేదు" అంది మా అమ్మ తలెత్తకుండా. అప్పటికి ఆ మాట ఆమెకు నోటికి వచ్చేసింది.

"ఉందే. తోక దగ్గర."

"లేదంటే వినరేం? పొద్దున గూడా చూసినా గదా. అద్దం మాదిరి ఉండాది."

"నువ్వు ఏం చూసినావో ఏమో. ఇదో, తగల్తా ఉండాది నాకు. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా."

"తగలడానికి అక్కడ ఏం లే..." అని మా అమ్మ ఆగిపోయింది. చేట కదలడం ఆగింది. మా అమ్మ చాలా మెల్లగా, గట్టిగా అంటే ఏదో బెదిరి ఎగిరిపోతుందన్నట్టు, "ఏ చెయ్యి?" అంది.

మా నాయన కిటికీ వైపు నుంచి ముఖం తిప్పి, తన చేతుల్ని చూసుకున్నాడు. ఎడమచెయ్యి విమానం తోకను పట్టుకొని ఉంది. గీత మీద ఉన్నది కుడిచెయ్యి. దాని చూపుడువేలు.

మా అమ్మ చేట పక్కన పడేసి లేచింది. బియ్యం గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. "కళ్లు మూసుకోండి" అంది. ఆయన మూసుకున్నాడు. కింద పడ్డ గింజ ఒకటి తీసి ఆ వేలికొస మీద పెట్టింది. ఆయన బొటనవేలితో దాన్ని దొర్లించి, "బియ్యం" అన్నాడు. దాన్ని తీసి మరొకటి పెట్టింది. ఈసారి ఎక్కువసేపు దొర్లించాడు. "రాయి" అన్నాడు. రాయే. ఏమీ పెట్టకుండా ఊరుకుంది. "ఏం లేదు గదే" అన్నాడు, కళ్లు మూసుకునే. అప్పటికి ఆమె కళ్ల నీళ్లు కారిపోతున్నాయి.

మా నాయన కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు, విమానాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అయితే ఇన్నాళ్లూ మీరిద్దరూ చెప్పింది?" అన్నాడు.

"అబద్ధం" అంది మా అమ్మ. "అంతా అబద్ధమే. గీత పోనే లేదు. ఒక్కనాడూ పోలేదు." ఏడుస్తూ నవ్వుతూ అంది. ఆ నవ్వు నాకు అంటుకుంది, నా నుంచి ఆయనకు. బియ్యం మధ్యలో కూర్చొని ముగ్గురం ఎంత నవ్వామంటే, కొత్తగా పక్క క్వార్టరులోకి వచ్చినవాళ్లు ఏమైందోనని కిటికీలోంచి తొంగిచూశారు. గుండెల మీద నుంచి ఒక బరువు దిగిపోవడమంటే ఏమిటో నాకు మొదటిసారి ఆ రోజు తెలిసింది. అది మాకు తెలియకుండానే అన్నాళ్లుగా మా ముగ్గురి ఛాతీ మీదా కూర్చొని ఉంది.

మర్నాడు డాక్టరుగారు దూది, సూదిమొన మార్చి మార్చి తాకించారట. మా నాయన ఏదీ తప్పు చెప్పలేదట. అన్ని వేళ్లూ ఒక్కసారే రాలేదు, చిటికెనవేలు చివరిదాకా కొంచెం బద్ధకంగానే ఉండిపోయింది. కానీ వానలు పడేలోపలే ఆయన ఇంజను ఎక్కాడు. డ్యూటీ దిగి వచ్చిన మొదటిరోజు స్నానం కూడా చేయకుండా బొగ్గుమసి చేత్తో మా అమ్మ నుదురు ముట్టి, "బేరింగు వేడిగా ఉండాదే" అన్నాడు. నిజంగానే ఆమెకు ఆ రోజు జ్వరం. ఆ సాయంత్రం ప్రార్థనకు మంచం మీది నుంచి ఆమె లేవలేకపోతే, మా నాయనే మోకరించి, ఇంట్లో ఆడవాళ్ల అబద్ధాలన్నింటినీ గంపగుత్తగా క్షమించమని అడిగాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ ఎండాకాలం ఎంత పొడుగ్గా సాగిందో, ఒక్కొక్క రోజు ఎంత భారంగా పొద్దుగూకిందో నాకు ఇప్పటికీ గుర్తుంది, కానీ అది ముగియడానికి పట్టిన కాలమంతా, ఒక వేలు ఒక గీతను దాటి పోయి, అనుమానం వచ్చి, మళ్లీ వెనక్కి వచ్చినంతసేపే.